కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌తో నందిగామకు

బయలుదేరేటప్పుడు ఉన్నవారు, ఉన్నవి: మనుషులు ముప్పై నలుగురు, అందులో ఆడవాళ్లు ఐదుగురు, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు ఇద్దరు. ట్రాక్టరు ఒకటి, దాని వెనక ట్రక్కు ఒకటి. డప్పులు రెండు. బంతిపూల దండలు మూడు. నీళ్ల డ్రమ్ము ఒకటి. పిడకల పొగ వస్తున్న కుండ ఒకటి. సద్ది మూటలు లెక్కపెట్టలేదు. ట్రక్కు మధ్యలో వెదురు పాడె మీద, మెడ వరకు తెల్లగుడ్డ కప్పి, అరవై మూడు కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. అది కాలిపోయి ఆ రోజుకు తొమ్మిది రోజులు.

ఊరు వత్సవాయి దాటాక ఐదు కిలోమీటర్లు లోపల ఉంటుంది. పేరు రాయవద్దని మా మేనమామ షరతు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నాది అవనిగడ్డ వైపు, కాలవ కింద ఊరు. బందరులో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగాలకు కాగితాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజులవి. మామయ్య పక్కవాళ్ల ఇంటికి ఫోన్ చేసి పిలిపించాడు. "కరెంటు చదివినోడివి. ఆఫీసరు ఏదన్నా ఇంగ్లీషులో అంటే అర్థమవడానికి మనిషి కావాలి. రా అల్లుడూ," అన్నాడు. రెండు జతల బట్టలు, ఒక నోటుపుస్తకం, ఒక ఓల్టుమీటరు సంచిలో వేసుకుని వెళ్లాను.

మా వైపు ట్రాన్స్‌ఫార్మర్ అంటే బడి పక్కన కంచె లోపల ఉండే వస్తువు. ఎవరూ దాని వంక చూడరు. ఇక్కడ పొలానికి అదే కాలవ. అది కాలితే రైతులే దించి, ట్రాక్టరుకెక్కించి, బాగుచేసే చోటికి తీసుకెళ్లి, వరసలో పెట్టి వస్తారు. ఈసారి వరస పెద్దదిగా ఉంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఏడాదిలో కాలడం ఇది మూడోసారి. మిరప పూత మీద ఉంది. నల్లరేగడిలో ఇంకో ఐదారు రోజులు ఆగుతుందన్నారు. లైను చివర కోటమ్మ గారని ఒకావిడ ఎకరంన్నర కౌలుకు చేస్తున్నారు. అది ఎర్ర నేల, తేమ నిలవదు. ఆవిడ పూత అప్పటికే రాలడం మొదలైంది. భర్తకు నడుము పట్టేసి రెండేళ్లు. సాగంతా ఆవిడదే.

వత్సవాయి

కొత్తది అడగడానికి నందిగామ కరెంటాఫీసుకు శవయాత్రగా వెళ్దామన్న ఆలోచన మామయ్యది. ఉత్త ఊరేగింపైతే ఎవరూ ఆగి చూడరని ఆయన లెక్క. కుండ కూడా ఆయనే పట్టాడు. ఊరు దాటిన పావుగంటకే తగాదా వచ్చింది. మాలలో ఉన్న ఇద్దరూ ఆగిపోయారు.

"శవం ఎనక మేం నడవకూడదు."

"ఇనప డబ్బా స్వామీ అది," అన్నాడు మామయ్య.

"పాడె కట్టావు. కుండ పట్టావు. డప్పు కొట్టిస్తన్నావు. ఇంక డబ్బా ఎట్టయిద్ది?"

మామయ్య తీర్పు చెప్పాడు. స్వాములు వంద అడుగులు ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. అప్పుడది వాళ్లకు శవయాత్ర కాదు, పాదయాత్ర. ఇద్దరూ ఒప్పుకున్నారు. దీనివల్ల రెండు రోజులూ ఒకటే జరిగింది. ఎదురొచ్చినవాళ్లు ముందు స్వాములను చూసి దణ్ణం పెట్టి అరటిపళ్లు ఇచ్చేవారు. వెంటనే పాడె కనపడి ఇచ్చిన చెయ్యి అలాగే ఆగిపోయేది. నందిగామ చేరేలోగా స్వాములకు అందిన అరటిపళ్లు ఇరవై మూడు.

వత్సవాయి సెంటర్లో టీకొట్టు ఆవిడ పుట్టిల్లు మధిర అవతలట. చేతిలో గంటె అలాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"ఎవరు పోయిన్రయ్యా?"

"మా ట్రాన్స్‌ఫార్మరమ్మా," అన్నాడు మామయ్య.

"అయ్యో. ఎట్ల పోయింది?"

"పిడుగు పడి."

వాన పడి ఇరవై రోజులైంది. టీ రెండు రూపాయలు. మామయ్య దగ్గర మాత్రం ఆవిడ డబ్బులు తీసుకోలేదు. కుండ పట్టినవాడి దగ్గర తీసుకుంటే కొట్టుకు మంచిది కాదంది. ఆ తర్వాత రెండు రోజులపాటు మామయ్య టీ తాగాల్సి వచ్చినప్పుడల్లా కుండ పట్టుకునే వెళ్లాడు.

టీ అయ్యాక నేను నోటుపుస్తకం తీశాను. ఆఫీసరుకు ఇచ్చే అర్జీతో పాటు లోడు వివరం ఉంటే బాగుంటుందని నా ఆలోచన. నాలుగు గడులు గీశాను: వరస నెంబరు, పేరు, మోటారు ఎన్ని హార్స్‌పవరు, ఆటో ఉందా లేదా. నడుస్తూనే ఒక్కొక్కరినీ అడిగి రాశాను. అందరూ ఉత్సాహంగా చెప్పారు. పక్కవాడు ఐదు అంటే తనది ఏడున్నర అని చెప్పడంలో ఒక దర్జా ఉంది.

ఆటో అంటే ఇక్కడ మూడు చక్రాల బండి కాదు. స్టార్టర్ పక్కన బిగించే చిన్న డబ్బా. పొలానికి కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియదు. ఇది ఉంటే రైతు చేలో లేకపోయినా కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది.

"ఆటో ఉందా బాబాయ్?" అని అడిగితే, "లేకుండా ఎట్టా?" అనేవారు.

జగ్గయ్యపేట ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా నా కొత్త చెప్పు తెగింది. వెనక నడుస్తున్న కోటమ్మ గారు మెళ్లో గొలుసుకున్న పిన్నీసు తీసి ఇచ్చారు.

"మీ మోటారు ఎంత అత్తయ్యా?"

"మూడు. అందరికంటే చిన్నది. రాసుకో."

"ఆటో?"

"నాకు లేదు అబ్బాయ్. ఉన్నా ఏం లాభం? కరెంటొచ్చిందని తెలిసి నేను చేలోకెళ్లేసరికి మీ మామయ్యోళ్లవన్నీ ఆడతా ఉంటాయి. నాది నొక్కితే లేవదు. మూలుగుద్ది. రెండుసార్లు కాలింది కూడా. మెకానిక్కు మోటారు మంచిది కాదంటాడు. మోటారుది కాదని నాకు తెలుసు."

"మరి ఎవరిది?"

ఆవిడ ముందు నడుస్తున్న ముప్పై మంది వీపుల వైపు చూసి, "పిన్నీసు జాగర్త, మళ్లీ ఇవ్వాలి," అన్నారు.

రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని కూడాను. మోటార్లు ఇరవై ఒకటి. ఐదు హార్స్‌పవర్లవి పద్నాలుగు, ఏడున్నరవి ఆరు, మూడుది ఒకటి. మొత్తం నూట పద్దెనిమిది. అరవై మూడు కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది ఇందులో ఇంచుమించు సగం. పైగా మోటారు లేచే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇరవై ఆటోలు, ఒకే క్షణంలో. ఓల్టేజీ నాలుగు వందల దరిదాపుల్లో ఉండాలి. మూడు వందల యాభైకి దిగితే మోటారు మూలుగుతుంది. అందులో మూలిగేది లైను చివరిది. అంటే ఎప్పుడూ కోటమ్మ గారిదే.

జగ్గయ్యపేట

బజారులోకి వెళ్లేసరికి నాలుగున్నర. డప్పు విని ఒక కిరాణా కొట్టు పెద్దాయన షట్టరు సగం దించి, మెట్లు దిగి నిలబడ్డారు. శవం వెళ్లేదాకా అమ్మకం ఆపడం ఆయన పద్ధతట. ట్రక్కు దగ్గరికి వచ్చాక కళ్లజోడు సరిచేసుకుని చూశారు.

"ఎన్నేళ్లు?" అని అడిగారు, మొహంలో ఏమీ కనపడనీయకుండా.

"నాలుగండి," అన్నాడు మామయ్య.

"అకాలం. ఏ జబ్బు?"

"చూసే దిక్కు లేకండి."

పొద్దున్న పిడుగు, సాయంత్రం దిక్కులేకపోవడం. రాసుకున్నాను. పెద్దాయన లోపలికి వెళ్లి రెండు శేర్ల బొరుగులు తెచ్చి ట్రక్కులో పోశారు. దారంతా చల్లుకోవడానికి. డబ్బు తీసుకోలేదు. మా చల్లుడు ఊరు చివరిదాకా సాగలేదు, సగం బొరుగులు ఉల్లిపాయలు, కారం కలుపుకుని తినేశాం.

ఇక్కడి కరెంటాఫీసులో ఉన్నాయన మర్యాదగా విన్నాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే అధికారం నందిగామలో పెద్దాయనదని చెప్పాడు. అనుకున్నదే. మార్కెట్ యార్డు షెడ్డులో దిగాం. అన్నం అక్కడే వండారు. దోసకాయ పప్పు, పండుమిరప పచ్చడి. మా వైపు పచ్చడి అన్నంలో నంజుకుంటారు, ఇక్కడ పచ్చడిలో అన్నం కలుపుతారు. నేను తాగిన నీళ్లు ఐదు గ్లాసులు.

తిన్నాక మామయ్యను పక్కకు పిలిచి కాగితం చూపించాను. ఆయన చదివి, మడతపెట్టి, నా జేబులో తనే పెట్టాడు.

"ఇది బయటికి తియ్యొద్దు అల్లుడూ. ఇందులో తొమ్మిదిటికి పర్మిషన్ లేదు. ఆఫీసరు చూశాడంటే వైర్లు కోసేస్తాడు. నా రెండో మోటారు వాటిల్లోదే."

"కొత్తదిచ్చినా కాలిపోద్ది మామయ్యా."

"కాలితే మళ్లీ నడుద్దాం."

"కోటమ్మ గారి చేను?"

ఆయన కుండలో పొగ అయిపోయిందా అని తొంగి చూశాడు. "కోటమ్మకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. ఏం చెప్పుకుంటాడో చెప్పలేదు.

చిల్లకల్లు

రెండో రోజు చీకటి ఉండగానే లేచి హైవే ఎక్కాం. లారీలు మాకు దారి ఇచ్చినంత గౌరవంగా బతికున్నవాళ్లకు ఇవ్వవు. ఒక డ్రైవరు బండి దిగి, తలగుడ్డ తీసి, పాడె ముందు ఒక రూపాయి బిళ్ల వేశాడు. నిజం చెబితే బిళ్ల వెనక్కి తీసుకుంటాడేమోనని ఎవరూ చెప్పలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో మిగిలిన నూనె కుదుపులకు కారి తెల్లగుడ్డ నల్లబడింది. గుడ్డ సర్దబోయి నా చొక్కా పాడుచేసుకున్నాను. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

చిల్లకల్లు దాటాక ట్రక్కు టైరు పంచరైంది. చింతచెట్టు నీడలో కూర్చుని సద్ది మూటలు విప్పాం. స్వాములు వెనక్కి చూడకూడదు కాబట్టి మేం ఆగిన సంగతి తెలియక కిలోమీటరు ముందుకు వెళ్లిపోయారు. సైకిల్ మీద వెళ్తున్నాయనతో కబురు పంపాల్సి వచ్చింది.

"మీకేం అల్లుడూ, కాలవ కిందోళ్లు. కాలు చాపితే నీళ్లు," అన్నాడు ట్రాక్టరు తోలే నాగేశ్వరరావు.

అదేం కాదని చెప్పాను. వేసవిలో మా బోదెకు, అంటే పిల్లకాలవకు, వారానికి రెండు రోజులే నీళ్లు వదులుతారు. అప్పుడు వంతు ఉంటుంది. ఆ వంతు బోదె చివరి చేను నుంచి మొదలవుతుంది. చివరివాడు తడుపుకుని గట్టు మీద నిలబడి కేకేస్తేనే వాడి పైవాడు గండి తెరవాలి. తలకట్టులో, అంటే బోదె మొదట్లో ఉన్నవాడిది అన్నిటికన్నా ఆఖరి వంతు.

"ఎందుకట్టా? ముందున్నోడికి ముందు రావాలి గదా."

"ముందున్నోడికి ఎలాగూ వస్తాయి. వాడు మొదలెడితే చివరోడికి రావు. చివరోడికి వచ్చాయంటే మధ్యలో అందరికీ వచ్చినట్టే."

"మీ ఊళ్లో కౌలుకు భూమి దొరుకుద్దా అబ్బాయ్?" అని అడిగారు కోటమ్మ గారు, ఉల్లిపాయ కొరుకుతూ.

అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆవిడ నవ్వలేదు. పొద్దున్నే ఊరి నుంచి బస్సులో వచ్చి మాతో కలిసిన ఒకతన్ని ఆవిడ అప్పటికే అడిగారు, చేలో పూత ఎంత రాలిందని. "దోసిలికి వస్తంది అక్కా," అన్నాడు అతను. ఆ మాట నేను విన్నాను.

నందిగామ

జగ్గయ్యపేటలో తొమ్మిది మంది, దారిలో ఐదుగురు కలిశారు. కాళ్లు పొక్కి బస్సెక్కినవాళ్లు ఇద్దరు. ఆఫీసు గేటు ముందు కూర్చున్నప్పుడు నలభై ఆరుగురం. గేటు దగ్గర కానిస్టేబులు ఆపాడు.

"శవయాత్రకు పర్మిషన్ ఉందా?"

"అది పోయేముందు చెప్పలేదండి," అన్నాడు మామయ్య.

కానిస్టేబులు మీసం మీద చెయ్యి వేసి నవ్వు దాచుకున్నాడు. "ఇంతకీ ఎట్టా పోయింది?"

"అది కనుక్కోడానికే వచ్చామండి."

రోడ్డుకు అడ్డం కూర్చోవద్దని, మిగతాది మా ఇష్టమని చెప్పి అతను కూడా నీడకు జరిగాడు. డప్పు కొట్టారు. "పూత రాలకముందే కరెంటివ్వాలి" అని అరిచాం. నేను అంతకు ముందెప్పుడూ రోడ్డు మీద నినాదం ఇచ్చి ఎరుగను. మొదటి మూడుసార్లు పెదవులు మాత్రమే ఆడించాను. నాలుగోసారికి నా గొంతే అందరికంటే పైన ఉందని నాగేశ్వరరావు తర్వాత చెప్పాడు. అరుస్తున్నంతసేపు జేబులో కాగితం ఉందన్న సంగతి మరిచిపోయాను.

సాయంత్రం ఐదు గంటలకు అక్కడి పెద్ద ఇంజనీరు డి.ఈ. గారు బయటికి వచ్చారు. ఆయన లోపలికి పిలుస్తారనుకున్నాం. పిలవలేదు. నేరుగా ట్రక్కెక్కి, తెల్లగుడ్డ తీసి, కారిన నూనెను వేలితో తాకి వాసన చూశారు.

"ఎలా పోయింది?" అని అడిగారు.

"పిడుగు..." అని ఎవరో మొదలెట్టారు.

"పిడుగు కాదు." ఆయన చూపు నా మీద ఆగింది. చొక్కా మీద నూనె మరక, చేతిలో నోటుపుస్తకం. "నువ్వేం చదివావు బాబూ?"

"డిప్లొమా అండి. ఎలక్ట్రికల్."

"అయితే నువ్వు చెప్పు."

మామయ్య నా వైపు చూడలేదు. కుండ వైపు చూస్తున్నాడు. చెబితే తొమ్మిది మోటార్ల వైర్లు. చెప్పకపోతే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నెలో, రెండు నెలలో. అప్పుడు ముందుగా ఎండేది ఒకే ఒక్క చేను. నాకు లెక్క తెలుసు. "అండీ," అని ఆగిపోయాను.

"నేను చెప్తానండి," అని కోటమ్మ గారు లేచారు. కొంగు దులుపుకుని ముందుకు వచ్చారు. "మావాళ్లంతా కలిసి చంపారండి దాన్ని."

డప్పు కొట్టేవాళ్లు చేతులు ఆపారు.

"ఇరవై ఆటోలండి. కరెంటు రాగానే ఇరవై మోటార్లు ఒక్కసారి లేస్తాయి. అది మాత్రం ఎంతని మోసుద్ది? నాకు ఆటో లేదు గనక చెప్తన్నా. ఉంటే నేనూ చెప్పకపోదును."

"కోటమ్మా," అన్నాడు మామయ్య మెల్లిగా, "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్లాక మాట్లాడుకోడానికి చేను మిగలొద్దా అన్నయ్యా?"

అప్పుడు నేను కాగితం తీశాను. పేర్ల గడి ఎడమ వైపు, నెంబర్ల పక్కన ఉంది. గీత వెంట మడిచి, గోరుతో నొక్కి, ఆ పట్టీ వరకు చించి జేబులో వేసుకున్నాను. మిగిలింది డి.ఈ. గారికి ఇచ్చాను.

ఆయన చదివారు. "అరవై మూడు మీద నూట పద్దెనిమిదా," అన్నారు తనలో తాను. తర్వాత, "పేర్లేవి?"

"నడకలో చిరిగిందండి."

ఆయన కాగితం అంచును వేలితో తడిమి చూశారు. "తిన్నగా చిరిగిందే," అన్నారు. ఆపైన దాని గురించి అడగలేదు.

ఆయన చెప్పినవి మూడు. పర్మిషన్ లేనివాళ్లు నెలలోపు దరఖాస్తు పెట్టుకోవాలి, అప్పటిదాకా తను తనిఖీకి ఊళ్లోకి రారు. ఆటోలన్నీ పీకెయ్యాలి. ఇప్పుడు స్టోర్లో ఉన్నది అరవై మూడే, అది ఎల్లుండి ఇస్తారు, కాబట్టి మోటార్లు సగం సగం వంతులుగా ఆడాలి. ఆ వంతు సంగతి రాసి అందరూ సంతకాలు చెయ్యాలి.

"వంతంటే ముందు నేనని కొట్టుకుంటారు. ఎవరు మొదలెడతారో ముందే చెప్పండి," అన్నారు.

మామయ్య కుండ కింద పెట్టాడు. రెండు రోజుల్లో దాన్ని చేతిలోంచి దించడం, అన్నం తినేటప్పుడు కాకుండా, అదే మొదటిసారి.

"మా అల్లుడోళ్ల కాలవ కింద చివరోళ్లకు ముందు వంతండి," అన్నాడు. "మేమూ అదే పెడతాం. కోటమ్మది మొదలు."

ఎప్పటినుంచో తను అనుకుంటున్నదే అన్నట్టు చెప్పాడు. సంతకాలు పెట్టినవాళ్లు పందొమ్మిది మంది, వేలిముద్ర వేసినవారు ఒకరు. మామయ్యకు రెండు మోటార్లు, సంతకం ఒక్కటే.

మళ్లీ చేలో

ట్రాన్స్‌ఫార్మర్ చెప్పిన రోజుకే వచ్చింది. ఈసారి పాడె లేదు, కాబట్టి స్వాములు ట్రక్కెక్కి దాని పక్కనే కూర్చుని వచ్చారు. దిమ్మె మీదికి ఎక్కించి, తీగలు కలిపేసరికి పొద్దుపోయింది. మర్నాడు పొద్దున ఆటోలన్నీ విప్పి మామయ్య వాకిట్లో గోనెసంచిలో వేశారు. పద్దెనిమిది వచ్చాయి. మిగతా రెండూ ఎవరివని నేను పట్టీ తీసి చూడనక్కర్లేకపోయింది. కోటమ్మ గారు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మామయ్య స్క్రూడ్రైవరు అడిగాడు. ఇచ్చాను. ఆయన చేలోకి వెళ్లి అరగంటలో రెండు డబ్బాలు తెచ్చి సంచిలో పడేశాడు.

"ఇంక మేం చేలో కాపలా కూర్చోవాలి, కరెంటు కోసం," అన్నాడు.

"నేను రెండేళ్లుగా కూర్చుంటన్నా," అన్నారావిడ.

ఆవిడ చేను అప్పుడే మొదటిసారి చూశాను. మూడో వంతు పూత నేల మీద ఉంది. నడిస్తే కాలి కింద మెత్తగా తగిలింది. మిగిలింది కొమ్మలకు ఉంది, ఆకులు వాడి వేలాడుతున్నాయి.

కరెంటు పదకొండు దాటాక వచ్చింది. చేలల్లో మొదటి జట్టు పదకొండు మందీ ఎవరి స్టార్టర్ దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ నొక్కలేదు. కోటమ్మ గారు పచ్చ బొత్తాం నొక్కారు. మోటారు మూలగలేదు. ఒక్కసారి అదిరి, లేచి, గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్లు వచ్చాయి. ఆవిడ గట్టెక్కి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, పై చేను వైపు ఒక కేక వేశారు. అక్కడ రెండో మోటారు లేచింది. ఆపైన మూడోది. ఒక్కో కేక తర్వాత ఒక్కో చప్పుడు అలా ట్రాన్స్‌ఫార్మర్ వైపుకు వెళ్లింది. ఆఖరి కేక వేసింది మామయ్య పక్క చేనాయన. ఆఖరి మోటారు మామయ్యది.

పిన్నీసు తిరిగి ఇచ్చేశాను. సంచిలోంచి ఓల్టుమీటరు తీశాను. పదకొండు మోటార్లు ఆడుతుండగా, లైను చివర, కోటమ్మ గారి స్టార్టర్ దగ్గర ఓల్టేజీ: మూడు వందల ఎనభై రెండు.